తిరుపతి ఎండల్లో ఆల్కహాలు ప్రయోగం: తయారీ, గుర్తింపు

ప్రాక్టికల్ పుస్తకాల్లో ‘గది ఉష్ణోగ్రత వద్ద’ అని రాసి ఉంటే అది దాదాపు 25 డిగ్రీల గది అనుకోవాలి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. బర్నర్ మంట ఊగకూడదని ఫ్యాన్లు ఆపేసిన ప్రయోగశాలలో మధ్యాహ్నం బ్యాచికి ఆ 25 డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆల్కహాళ్ల ప్రయోగాలు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాయి. ఐదు నిమిషాలకు మసకబారాలని పుస్తకం చెప్పిన ద్రావణం నిమిషంలోనే మసకబారుతుంది. విద్యార్థి కంగారుపడి, కంటికి కనిపించింది వదిలేసి, పుస్తకంలో ఉన్నదే రికార్డులో రాసేస్తాడు. అలా రాయవలసిన అవసరం లేకుండా ఈ ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ చెబుతున్నాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ చేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను.

ముందుగా ఒక్క నియమం ఒప్పుకోండి. తెలియని ద్రవంతో ఏ పరీక్ష చేసినా, దాని పక్కనే తెలిసిన ఆల్కహాలుతో ఇంకో టెస్ట్‌ట్యూబు, ఏ ఆల్కహాలూ లేకుండా మరో టెస్ట్‌ట్యూబు పెట్టండి. మూడింటిలోనూ అదే కారకం, అదే కొలత, అదే సమయం. గది ఎంత వేడిగా ఉన్నా, కారకం ఎంత పాతదైనా ఆ ప్రభావం మూడింటి మీదా సమానంగా పడుతుంది. అప్పుడు మీ నిర్ణయం పుస్తకంలోని నిమిషాల మీద కాకుండా కళ్ల ముందున్న పోలిక మీద నిలబడుతుంది.

ఏ తయారీ, ఏ కాలంలో

ఇథనాల్ తయారీ అనగానే ఇక్కడ అందరికీ చిత్తూరు బెల్లం గుర్తొస్తుంది. బెల్లపు నీళ్లలోని సుక్రోజును ఈస్టులోని ఇన్వర్టేజ్ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఆపై జైమేజ్ వాటిని ఇథనాల్, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. అంశిక స్వేదనం ఎంత జాగ్రత్తగా చేసినా 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆ నిష్పత్తిలో నీరు, ఇథనాల్ కలిసి 78.2 డిగ్రీల దగ్గర ఒకే ద్రవంలా మరుగుతాయి. వైవాకు ఇంత తెలిస్తే చాలు. ఎక్సైజ్ అనుమతి లేకుండా మద్యసారం కాయడం నేరం, ఇంటి దగ్గర ప్రయత్నించే పని అసలే కాదు. చేతులతో చేసి నేర్చుకోవడానికి వేరే రెండు తయారీలున్నాయి: ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి.

ఎండాకాలంలో కీటోన్‌ను సోడియం బోరోహైడ్రైడుతో క్షయకరణం చేయండి. బెంజోఫినోన్ నుంచి డైఫినైల్ మెథనాల్ వస్తుంది. అది ఘనపదార్థం కాబట్టి స్వేదనం అక్కర్లేదు, ఈథర్ అక్కర్లేదు, ద్రవీభవన స్థానం చూసి వచ్చింది అదో కాదో తేల్చుకోవచ్చు.

1.82 గ్రాముల బెంజోఫినోన్ తూచి 20 మి.లీ. మెథనాల్‌లో కరిగించండి. ఫ్లాస్కును ఐసు నీళ్లలో కూర్చోబెట్టండి. పుస్తకాలు ఈ ఐసు గురించి పెద్దగా పట్టించుకోవు, మనం మాత్రం పట్టించుకోవాలి. బోరోహైడ్రైడు మెథనాల్‌తో కూడా చర్య జరిపి హైడ్రోజన్ వదులుతూ వ్యర్థమవుతుంది. వేడి గదిలో ఆ వ్యర్థం ఇంకా త్వరగా జరిగి, కీటోన్ సగంలోనే మిగిలిపోతుంది. 0.4 గ్రాముల బోరోహైడ్రైడును నాలుగైదు విడతలుగా, పది నిమిషాల్లో, కలుపుతూ వేయండి. లెక్క ప్రకారం ఒక బోరోహైడ్రైడు అణువు నాలుగు కీటోన్ అణువులకు సరిపోతుంది. మనం వేస్తున్నది దానికి నాలుగింతలు. ఆ అదనం మెథనాల్‌లో పోయే భాగానికే. తూచేటప్పుడు మాత్రం ఆలస్యం వద్దు. నవంబరు వానల్లో ఈ పొడి తేమ పీల్చి ఉండకట్టేస్తుంది. సీసా మూత తీసి, తూచి, వెంటనే బిగించాలి.

అంతా వేశాక ఐసు తీసేసి అరగంట కలపండి. దగ్గరలో మంట ఉండకూడదు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్.

చర్య పూర్తయిందో లేదో గడియారం చెప్పదు, టీఎల్‌సీ (పలుచని సిలికా పొర మీద చేసే క్రోమాటోగ్రఫీ) పలక చెబుతుంది. హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ 4:1 మిశ్రమంలో బెంజోఫినోన్ ఒక చుక్క, మీ చర్యా మిశ్రమం ఒక చుక్క పక్కపక్కనే పెట్టి నడపండి. అతినీలలోహిత దీపం కింద బెంజోఫినోన్ మచ్చ పైన, ఆల్కహాలు మచ్చ కింద కనిపిస్తాయి. హైడ్రాక్సిల్ సమూహం సిలికాను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆల్కహాలు వెనకబడుతుంది. మీ మిశ్రమంలో పై మచ్చ ఇంకా ఉంటే మరో చిటికెడు బోరోహైడ్రైడు వేసి పావుగంట ఆగండి.

పై మచ్చ పోయాక 10 మి.లీ. చల్లటి నీళ్లు పోసి, వేడినీళ్ల తొట్టిలో ఐదు నిమిషాలు ఉంచండి. ఆల్కహాలు అప్పటిదాకా బోరాన్‌తో కట్టుబడి ఉంటుంది. ఆ బంధం తెగడానికే ఈ వేడి. తర్వాత బాగా చల్లార్చి, ఫ్యూమ్ హుడ్‌లో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా బుడగలు ఆగేదాకా వేయండి. తొందరపడితే నురగ ఫ్లాస్కు మూతిదాకా పొంగుతుంది. ఆమ్లం వేశాక మళ్లీ వేడి చేయకండి. ఈ ఆల్కహాలు ఆమ్లం సమక్షంలో వేడికి నీటిని కోల్పోయి ఈథర్‌గా మారే గుణం ఉన్నది. మిశ్రమాన్ని పిడికెడు ఐసు ముక్కల మీద పోస్తూ కలిపితే తెల్లటి పొడి విడిపోతుంది. బుక్నర్ గరాటులో వడకట్టి, చల్లటి నీళ్లతో కడిగి, ఆరబెట్టండి.

పునఃస్ఫటికీకరణం హెక్సేన్‌లో చేయండి, వేడినీళ్ల తొట్టి మీద మాత్రమే, మంట మీద వద్దు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. హెక్సేన్ 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మన పదార్థం 67 ప్రాంతంలో కరుగుతుంది. ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల ద్రావణం చల్లారేటప్పుడు స్ఫటికాలకు బదులు అడుగున నూనెబొట్టు చేరవచ్చు. అలా జరిగితే ఇంకొంచెం హెక్సేన్ పోసి మళ్లీ వేడిచేసి, కదపకుండా నెమ్మదిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే ఐసులో పెట్టండి. సన్నటి తెల్లని సూదులు వస్తాయి.

ద్రవీభవన స్థానం 66–68 డిగ్రీల మధ్య, రెండు డిగ్రీల వ్యవధిలో కరిగితే పదార్థం శుభ్రంగా ఉన్నట్టు. 55 దగ్గరే చెమర్చడం మొదలుపెట్టి 63 దాకా లాగితే బెంజోఫినోన్ మిగిలిందని అర్థం. ఆల్డిహైడు, కీటోన్‌లను పట్టే 2,4-డీఎన్‌పీ (డైనైట్రోఫినైల్ హైడ్రజీన్) కారకం వేసి చూడండి, నారింజ అవక్షేపం రాకూడదు. ఐఆర్ (పరారుణ వర్ణపటం) యంత్రం అందుబాటులో ఉంటే 1660 cm⁻¹ దగ్గరి కార్బొనిల్ శిఖరం మాయమై, 3200–3500 మధ్య వెడల్పాటి హైడ్రాక్సిల్ శిఖరం వచ్చిందో లేదో గమనించండి. సిద్ధాంతం ప్రకారం 1.82 గ్రాముల నుంచి 1.84 గ్రాములు రావాలి. 1.4 గ్రాములు చేతికి వస్తే 76 శాతం. విద్యార్థి చేతికి అది మంచి ఫలితమే.

చలికాలపు తయారీ: కానిజారో చర్య

డిసెంబరు, జనవరి నెలల్లో అయితే బెంజైల్ ఆల్కహాలు చేయండి. ఇటలీ శాస్త్రవేత్త స్టానిస్లావో కానిజారో 1853లో కనుగొన్న చర్య ఇది. గాఢ క్షారంలో ఒక బెంజాల్డిహైడు అణువు మరో అణువుకు హైడ్రైడును ఇచ్చి తాను బెంజోయిక్ ఆమ్లపు లవణంగా మారుతుంది, తీసుకున్నది బెంజైల్ ఆల్కహాలు అవుతుంది. ఒక్క ఫ్లాస్కులో రెండు ఉత్పన్నాలు, రెండింటినీ వేరుచేసి చూపించవచ్చు. నేర్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఆర్గానిక్ ల్యాబులో తక్కువ.

ముందు బెంజాల్డిహైడు సీసా మూతి చూడండి. చుట్టూ తెల్లటి పలుకులు అంటుకుని ఉంటే అది గాలి తగిలి ఏర్పడిన బెంజోయిక్ ఆమ్లం. సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడిగి, కొత్తగా స్వేదనం చేసిన ద్రవమే వాడాలి.

10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడును 9 మి.లీ. నీళ్లలో కరిగించి చల్లార్చండి. బాగా వేడెక్కుతుంది, కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. శంఖు ఫ్లాస్కులో ఈ ద్రావణానికి 10 మి.లీ. బెంజాల్డిహైడు కలిపి, రబ్బరు బిరడా బిగించి, చిలికిన మజ్జిగలా చిక్కగా, విడిపోకుండా నిలబడేదాకా గట్టిగా ఊపండి. గాజు బిరడా పెట్టకండి, క్షారానికి పట్టేసి మర్నాడు ఊడి రాదు. అలాగే 24 గంటలు వదిలేయండి.

మర్నాడు గట్టిపడిన ముద్దలో 35 మి.లీ. నీళ్లు పోస్తే పొటాషియం బెంజోయేట్ కరుగుతుంది. సెపరేటింగ్ ఫన్నెల్‌లోకి మార్చి, 10 మి.లీ. చొప్పున మూడుసార్లు ఈథర్‌తో సంగ్రహించండి. ఈ ప్రయోగాన్ని చలికాలానికి ఎందుకు దాచమన్నానో ఇక్కడ తెలుస్తుంది. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో తిరుపతిలో సీసా మూత తీస్తే అది గదిలోనే మరుగుతున్న ద్రవం. ఫన్నెల్‌లో పోసి ఊపితే లోపలి ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది, ఆవిరి బల్ల వెంబడి పాకి దూరాన ఉన్న మంటను కూడా అందుకుంటుంది. చలికాలంలోనూ ఈథర్ సీసాను ఐసు నీళ్లలో ఉంచండి, ఒకసారి ఊపగానే కాడను పైకెత్తి కాక్ తెరిచి గాలి వదలండి, గదిలో ఒక్క బర్నర్ కూడా వెలగకుండా చూడండి.

ఈథర్ పొరను గాఢ సోడియం బైసల్ఫైటుతో రెండుసార్లు కడిగితే మిగిలిపోయిన బెంజాల్డిహైడు పోతుంది. తర్వాత 10 శాతం సోడియం కార్బొనేట్, ఆపైన నీళ్లు. అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేటు వేసి ఆరబెట్టి, వడకట్టి, గోరువెచ్చని నీళ్ల తొట్టి మీద ఈథర్‌ను తీసేయండి. మిగిలిన ద్రవాన్ని నీళ్లు లేని గాలి కండెన్సర్‌తో స్వేదనం చేసి, 204–207 డిగ్రీల మధ్య వచ్చేది పట్టండి. సిద్ధాంతపరంగా 5.3 గ్రాములకు పైగా రావాలి. కింది నీటి పొరను 30 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంతే నీరు, 40 గ్రాముల ఐసు కలిపిన బీకరులో పోస్తే బెంజోయిక్ ఆమ్లం తెల్లగా కుప్పపడుతుంది. మరిగే నీళ్లలో స్ఫటికీకరిస్తే 122 డిగ్రీల దగ్గర కరగాలి.

తెలియని ద్రవం చేతికిచ్చినప్పుడు

వాసన చూడాలంటే సీసాను ముక్కు దగ్గరికి తేకుండా చేత్తో గాలిని మీ వైపు విసురుకోండి. రుచి చూడటం అనే మాటే లేదు. మెథనాల్ కొద్దిగా లోపలికి పోయినా చూపు పోగొట్టగలదు. రెండు చుక్కలు వాచ్ గ్లాసులో వెలిగించండి. నీలి మంటతో మసి లేకుండా మండితే తక్కువ కార్బన్ల ఆల్కహాలు కావచ్చు, మసి కక్కితే బెంజైల్ ఆల్కహాలు వంటి ఏరోమాటిక్ పదార్థం.

నీళ్లలో కలిపి చూడండి. మెథనాల్, ఇథనాల్, రెండు ప్రొపనాల్‌లు, టెర్షరీ బ్యుటనాల్ ఎంత పోసినా కలిసిపోతాయి. 1-బ్యుటనాల్, సైక్లోహెక్సనాల్, బెంజైల్ ఆల్కహాలు కొంతవరకే కరిగి పొరగా తేలిపోతాయి లేదా మునుగుతాయి. ఇక్కడ మరో చూడదగిన సంగతి ఉంది. నీళ్లలో పూర్తిగా కలిసిన ఐసోప్రొపనాల్ ద్రావణంలో పొటాషియం కార్బొనేట్ పలుకులు వేస్తూ ఊపండి. లవణం నీటిని లాక్కోవడంతో ఆల్కహాలు పై పొరగా విడిపోయి, రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత నైట్రోజన్, సల్ఫర్, హాలోజన్ మూలకాలు ఉన్నాయేమో చూసే లాస్సేన్ పరీక్ష. సోడియం నిష్కర్షను స్వేదన జలంతోనే చేయాలి. కుళాయి, బోరు నీళ్లలో క్లోరైడు ఉంటుంది. ఆ నీళ్లతో చేస్తే సిల్వర్ నైట్రేట్ వేయగానే తెల్లబడి, లేని క్లోరిన్ ఉన్నట్టు చూపిస్తుంది.

మూలకాలేవీ లేవని తేలాక సమూహాల వంతు. ఆల్కహాలు పరీక్షను మొదట చేయకండి, ఆఖరున చేయండి. సోడియం బైకార్బొనేటుతో బుడగలు వస్తే ఆమ్లం, ఫెర్రిక్ క్లోరైడుతో ఊదా, నీలం, ఆకుపచ్చ వస్తే ఫినాల్, 2,4-డీఎన్‌పీతో పసుపు లేదా నారింజ అవక్షేపం వస్తే ఆల్డిహైడు లేదా కీటోన్. ఇవన్నీ లేవన్నాకే కింది పరీక్షలకు అర్థం ఉంటుంది, ఎందుకంటే ఆల్కహాలు పరీక్షల్లో సగం వీటికి కూడా లొంగుతాయి.

సోడియం పరీక్ష అందరికీ ఇష్టం, కానీ దాన్ని నేను చివరి సాక్ష్యంగా ఎప్పుడూ ఒప్పుకోను. ద్రవంలో నీళ్లున్నా, ఆమ్లమున్నా బుడగలు వస్తాయి. చేయాలంటే ముందు కొద్దిగా తెల్లని అనార్ద్ర కాపర్ సల్ఫేటు వేసి చూడండి, నీలంగా మారితే నీరున్నట్టు. అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేటుతో ఆరబెట్టి, పొడి టెస్ట్‌ట్యూబులో బియ్యపు గింజంత సోడియం వేయండి. ప్రైమరీ ఆల్కహాలులో చురుగ్గా, టెర్షరీలో మందకొడిగా బుడగలు వస్తాయి (హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు ఒక కార్బన్ అంటుకుని ఉంటే ప్రైమరీ, రెండుంటే సెకండరీ, మూడుంటే టెర్షరీ).

సెరిక్ అమ్మోనియం నైట్రేట్ పరీక్ష దీనికంటే నమ్మదగినది. 40 గ్రాముల లవణాన్ని 100 మి.లీ. 2 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తే కారకం సిద్ధం. అర మి.లీ. కారకానికి మూడింతల నీళ్లు కలిపి నాలుగైదు చుక్కల ద్రవం వేయండి. నీళ్లలో కరగని వాటికి నీళ్ల బదులు డయాక్సేన్ వాడండి. పసుపుపచ్చటి ద్రావణం ఎర్రబడితే ఆల్కహాలు. ఫినాల్ అయితే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. మొదటి నిమిషంలోనే చూడాలి. సీరియం ఆ ఆల్కహాలునే ఆక్సీకరణం చేస్తూ పోవడం వల్ల ఎరుపు వెలిసిపోతుంది, వేడి గదిలో ఇంకా త్వరగా వెలుస్తుంది. పది కార్బన్లు దాటిన ఆల్కహాళ్లకు ఈ పరీక్ష మీద ఆధారపడకండి.

లూకాస్ పరీక్ష దగ్గర ఆగి, నిదానంగా

కాలిఫోర్నియాలో హోవార్డ్ లూకాస్ 1930లో ప్రకటించిన ఈ పరీక్ష ప్రైమరీ, సెకండరీ, టెర్షరీ తేడాను కంటికి చూపిస్తుంది. ఆల్కహాలు కారకంలో కరుగుతుంది, దాని నుంచి ఏర్పడే ఆల్కైల్ క్లోరైడు కరగదు. కాబట్టి ద్రావణం మసకబారి, తర్వాత పొరగా విడిపోతుంది. టెర్షరీకి వెంటనే, సెకండరీకి ఐదు నిమిషాల్లో. ప్రైమరీ మామూలు వేడిలో కదలదు.

కారకానికి 68 గ్రాముల అనార్ద్ర జింక్ క్లోరైడును 52.5 గ్రాముల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఐసులో చల్లారుస్తూ కరిగించండి. జింక్ క్లోరైడు గాలిలోని తేమకు నీరుకారిపోయే లవణం. ఈశాన్య రుతుపవనాల వానల్లో సీసా తెరిచి ఉంచితే అడుగున తడి ముద్ద మిగులుతుంది. అలాంటి లవణంతో చేసిన కారకం బలహీనంగా ఉండి, సెకండరీ ఆల్కహాలును కూడా ప్రైమరీలా చూపిస్తుంది. వాడేముందు పింగాణీ గిన్నెలో కరిగేదాకా వేడిచేసి, డెసికేటరులో చల్లార్చి తూచండి.

ఈ పరీక్షకు చెప్పిన ఉష్ణోగ్రత 26–27 డిగ్రీలు. మన దగ్గర ఎండాకాలంలో దాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి. పెద్ద బీకరులో నీళ్లు పోసి, థర్మామీటరు వేలాడదీసి, ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ 26కు తెండి. కారకం ఉన్న సీసాను, నాలుగు టెస్ట్‌ట్యూబులను అందులో పది నిమిషాలు ఉంచండి. మొదటి దాంట్లో 1-బ్యుటనాల్, రెండో దాంట్లో 2-బ్యుటనాల్, మూడో దాంట్లో టెర్షరీ బ్యుటనాల్, నాలుగో దాంట్లో మీ ద్రవం, అన్నిటిలోనూ 1 మి.లీ. చొప్పున. ఒక్కొక్క దాంట్లో 6 మి.లీ. కారకం పోసి, బిరడా పెట్టి ఊపి, బీకరులోనే నిలబెట్టండి. నల్ల కాగితం వెనక పెట్టి చూడండి. టెర్షరీ బ్యుటనాల్ ఊపిన క్షణంలోనే పాలరంగుకు తిరుగుతుంది. 2-బ్యుటనాల్‌లో మొదట ఏమీ ఉండదు, తర్వాత సన్నని పొగలాంటి తెర కదులుతుంది, చూస్తుండగానే అది చిక్కబడి అక్షరాలు కనబడనివ్వదు. మీ ద్రవం ఏ ట్యూబుతో పాటు నడిచిందో రాయండి.

రెండు మోసాలు ఇక్కడ పొంచి ఉన్నాయి. ఐసోప్రొపనాల్ నుంచి వచ్చే 2-క్లోరోప్రొపేన్ 36 డిగ్రీల లోపే మరుగుతుంది. వేడి గదిలో బిరడా లేకుండా చేస్తే అది ఆవిరై పోయి మసక కనబడదు, సెకండరీ ఆల్కహాలు ప్రైమరీగా నమోదవుతుంది. రెండోది, బెంజైల్, అల్లైల్ ఆల్కహాళ్లు ప్రైమరీలే అయినా టెర్షరీలా త్వరగా చర్య జరుపుతాయి, వాటి కార్బోకేటయాన్‌లకు స్థిరత్వం ఎక్కువ. సెకండరీనా, టెర్షరీనా అన్న అనుమానం మిగిలితే జింక్ క్లోరైడు లేకుండా గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనే చేసి చూడండి. టెర్షరీ చర్య జరుపుతుంది, సెకండరీ జరపదు. నీళ్లలో అసలు కరగని పెద్ద ఆల్కహాళ్లకు లూకాస్ పరీక్ష పనికిరాదు, అవి కారకంలో వేసిన వెంటనే మసకగానే ఉంటాయి.

జోన్స్ కారకం దీనికి తోడు. 1 మి.లీ. ఎసిటోన్‌లో ఒక చుక్క ద్రవం, ఒక చుక్క క్రోమిక్ ఆమ్ల కారకం వేస్తే ప్రైమరీ, సెకండరీలు రెండు మూడు సెకన్లలో నారింజ రంగును నీలి ఆకుపచ్చగా మారుస్తాయి. టెర్షరీ మార్చదు. ఆ తర్వాత వచ్చే మార్పును లెక్కలోకి తీసుకోకండి. ఎసిటోన్‌లో కొద్దిపాటి ఐసోప్రొపనాల్ కలిసి ఉండటం సాధారణం కాబట్టి ఒట్టి ఎసిటోన్‌తో ఒక ట్యూబు పక్కన ఉండి తీరాలి. క్రోమియం ఈ రూపంలో క్యాన్సర్ కారకం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

అయోడోఫారం పరీక్షలో నాలుగు చుక్కల ద్రవానికి 2 మి.లీ. 10 శాతం సోడియం హైడ్రాక్సైడు కలిపి, అయోడిన్–పొటాషియం అయోడైడు ద్రావణాన్ని లేత అయోడిన్ రంగు నిలబడేదాకా చుక్కలుగా వేసి, 60 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. లేత పసుపు స్ఫటికాలు, పాత ఆసుపత్రుల వాసన వస్తే ఆ ఆల్కహాలు ఇథనాల్ గానీ, ఐసోప్రొపనాల్, 2-బ్యుటనాల్ లాంటి మిథైల్ కార్బినాల్ (హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు మిథైల్ అంటుకున్నది) గానీ అయి ఉండాలి. టెస్ట్‌ట్యూబు త్వరగా ఆరాలని ఎసిటోన్‌తో కడిగే అలవాటు ఉంటే ఈ పరీక్ష రోజు మానుకోండి. మిగిలిన ఎసిటోన్ ఒక్కటే చాలు, పసుపు అవక్షేపం దండిగా వస్తుంది.

గ్లిజరాల్ వంటి పాలీహైడ్రిక్ ఆల్కహాళ్లకు బోరాక్స్ పరీక్ష ఉంది: ఫినాల్ఫ్తలీన్ వేసిన గులాబీ బోరాక్స్ ద్రావణం గ్లిజరాల్ తగిలితే రంగు కోల్పోయి, వేడిచేస్తే మళ్లీ గులాబీ అవుతుంది.

మరుగు స్థానం, ఆపై ఉత్పన్నం

చిన్న ఫ్యూజన్ ట్యూబులో నాలుగైదు చుక్కల ద్రవం పోసి, ఒక చివర మూసిన కేపిలరీని తెరిచిన చివర కిందికి ఉండేలా అందులో నిలబెట్టి, థర్మామీటరుకు కట్టి లిక్విడ్ పారఫిన్‌లో వేడిచేయండి. మొదట కేపిలరీలోని గాలి ఒక్కో బుడగగా వస్తుంది, అది మరుగు స్థానం కాదు. బుడగలు ఆగకుండా గొలుసులా వచ్చినప్పుడు మంట తీసేయండి. పారఫిన్ చల్లారుతుంటే గొలుసు నెమ్మదిస్తుంది, చివరి బుడగ కేపిలరీ మూతి దగ్గర తటపటాయించి ఆగుతుంది, ద్రవం లోపలికి ఎక్కబోతుంది. ఆ క్షణంలో పాదరసం ఎక్కడుందో అదే మరుగు స్థానం.

తిరుపతి మైదానంలో పుస్తకపు విలువలు దాదాపు సరిపోతాయి. మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు. అక్కడి కళాశాలల్లో గాలి ఒత్తిడి తక్కువ కావడం వల్ల ఇథనాల్ 78కి బదులు 76 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అది ప్రయోగ దోషం కాదు. తెలిసిన ఆల్కహాలును అదే రోజు అదే బల్ల మీద మరిగించి ఎంత తేడా వస్తుందో చూసి సరిచేసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ద్రవం 82 డిగ్రీల దగ్గర మరిగింది, నీళ్లలో పూర్తిగా కలిసింది, సెరిక్ పరీక్షలో ఎర్రబడింది. ఐసోప్రొపనాల్ 82 దగ్గరే మరుగుతుంది, టెర్షరీ బ్యుటనాల్ కూడా అక్కడే. మరుగు స్థానం ఒక్కదానితో తేల్చినవారు సగం సార్లు తప్పుతారు. లూకాస్‌లో మీ ట్యూబు 2-బ్యుటనాల్‌తో పాటు నడిచి, జోన్స్‌లో రంగు మారి, అయోడోఫారం ఇస్తే ఐసోప్రొపనాల్. లూకాస్‌లో తక్షణం మసకబారి, మిగిలిన రెండింటిలో కదలకపోతే టెర్షరీ బ్యుటనాల్. శుద్ధమైన టెర్షరీ బ్యుటనాల్ 25.5 డిగ్రీల దగ్గర ఘనీభవిస్తుంది కాబట్టి, ట్యూబును ఐసు నీళ్లలో ముంచితే స్ఫటికాలు కట్టడం మరో ఆధారం. జనవరి ఉదయాల్లో ఆ సీసా షెల్ఫులోనే గడ్డకట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించండి.

చివరి ముద్ర వేసేది ఘన ఉత్పన్నం. పూర్తిగా పొడిగా ఉన్న టెస్ట్‌ట్యూబులో అర గ్రాము 3,5-డైనైట్రోబెంజోయిల్ క్లోరైడు, 1 మి.లీ. ఆరబెట్టిన ఆల్కహాలు కలిపి పది నిమిషాలు మెల్లగా వేడిచేయండి. టెర్షరీ ఆల్కహాలుకు పిరిడిన్ తోడు కావాలి. చల్లార్చి, 10 మి.లీ. సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో ముద్దను బాగా నలిపి కడిగి, వడకట్టి, పెట్రోలియం ఈథర్‌లో స్ఫటికీకరించండి. కడగడం మానేస్తే, తడి వల్ల ఏర్పడిన 3,5-డైనైట్రోబెంజోయిక్ ఆమ్లం కలిసిపోయి విలువ చెడుతుంది. ఆ ఆమ్లం ఒక్కటే అయితే 204 డిగ్రీల దాకా కరగదు, దాన్ని చూసి కొత్త ఆల్కహాలు అనుకోకండి.

ఈ ఎస్టర్ల ద్రవీభవన స్థానాలు గుర్తుంచుకోదగినవి: మెథనాల్‌ది 108, ఇథనాల్‌ది 93, 1-ప్రొపనాల్‌ది 74, ఐసోప్రొపనాల్‌ది 122, 1-బ్యుటనాల్‌ది 64, టెర్షరీ బ్యుటనాల్‌ది 142. సైక్లోహెక్సనాల్, బెంజైల్ ఆల్కహాళ్ల ఎస్టర్లు రెండూ 112 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అవి ఎదురైతే మీ స్ఫటికాలను తెలిసిన నమూనాతో సమపాళ్లలో నూరి మళ్లీ కరిగించి చూడండి. విలువ 112 దగ్గరే నిలిస్తే రెండూ ఒకటే, పదిహేను డిగ్రీలు కిందికి జారితే వేరు.

రికార్డులో ప్రతి పరీక్ష పక్కన ఆ పూట గది ఉష్ణోగ్రత, తెలిసిన ట్యూబు ఎన్ని నిమిషాలకు మారిందో, మీది ఎన్ని నిమిషాలకు మారిందో రాయండి. క్రోమియం ద్రావణాలను విడిగా గుర్తుపెట్టిన సీసాలో పోయండి, సింకులో కాదు. మిగిలిన సోడియం ముక్కలను ఇథనాల్‌లో వేసి, బుడగలు పూర్తిగా ఆగాకే నీళ్లు కలపండి.